నలభై అడుగుల విహారం

మా కొంగలపాడులో పెద్దకాలవ వెడల్పు నలభై అడుగులు. ఈ గట్టున పిల్లాడు తుమ్మితే ఆ గట్టు మీద ముసలమ్మ "చిరంజీవ" అంటుంది. అలాంటి కాలవని దాటడానికి మొన్నమొన్నటిదాకా మాకు గంటంబావు పట్టేది. టిక్కెట్టు కొనాలి. నారింజ రంగు జాకెట్టు తొడుక్కోవాలి. దారిలో మూడుచోట్ల చప్పట్లు కొట్టాలి. ఇదేదో తెలివితక్కువవాళ్ళు చేసిన పని అనుకునేరు, అలా అనుకోకండి, కళ్ళు పోతాయి. చాలా చదువుకున్నవాళ్ళు, చాలా మీటింగులు పెట్టి, ప్రతి మీటింగులోనూ జీడిపప్పు పకోడీ తిని సాధించిన అభివృద్ధి ఇది.

నా పేరు భూషణం. మైకు భూషణం అంటే మా ఊళ్ళో ఎవరైనా చెబుతారు. ఊళ్ళోకి సర్కస్ వచ్చినా, చీరల తగ్గింపు అమ్మకం పెట్టినా, కుళాయి నీళ్ళు రాకపోయినా ఆటోకి మైకు కట్టుకుని వీధివీధికీ చెప్పేది నేనే. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మంచిదే, పెద్దది కూడా. ఊరి సంగతే చెప్పలేను.

మా ఇల్లు పడమటి గట్టున. మా తాయారు వదిన కర్రీ పాయింటు తూర్పు గట్టున, బజారులో. అన్నయ్య లారీ మీద పోయాడంటే మళ్ళీ ఏ నెలకో కనబడతాడు. సంసారం లాగేది వదినే. మధ్యాహ్నం నుంచి పెరట్లో కట్టెల పొయ్యి మీద వండి, పొద్దువాలే వేళకి గిన్నెలు మోసుకుని కాలవ మీద పాత ఇనప వంతెన దాటి కొట్టు తెరుస్తుంది. కూరలు నాలుగు రకాలుంటాయిగానీ జనం వచ్చేది సాంబారు కోసం. మూత తీస్తే ఇంగువ వాసన బట్టల కొట్లోకి వెళ్ళి అక్కడ బేరమాడుతున్నవాళ్ళని లేపుకొచ్చేస్తుంది. పొగలు కక్కుతుండగా పోస్తేనే దాని మజా. కొట్లోనే వండుకోవచ్చు కదా అంటారా? అది ఆరడుగుల గది. పక్కన బట్టల దుకాణం. పొయ్యి పెడితే ఓనరు మనల్ని పొయ్యిలో పెడతాడు. కాబట్టి సాంబారుకీ బజారుకీ మధ్య ఉన్న బంధుత్వమల్లా ఆ వంతెనే. ఇద్దరు మనుషులూ ఒక సైకిలూ పట్టేంత వెడల్పు, తుప్పు పట్టినా గట్టిది.

ఇలా ఉండగా మా మునిసిపల్ కమిషనర్ కుసుమాకర్ గారు అధ్యయన యాత్ర మీద ఏదో చల్లని దేశం వెళ్ళొచ్చారు. అక్కడ సాయంత్రంపూట కాలవలో పడవలు తిరుగుతాయట, గట్ల మీద లైట్లు పెట్టిన కళాఖండాలుంటాయట, జనం వాటిని చూసి నోరెళ్ళబెడతారట. మామూలు మనిషైతే ఫోటోలు చూపించి ఊరుకుంటాడు. కమిషనర్ గారు మామూలు మనిషి కారు. దిగిన వారానికే కళ్యాణమండపంలో సభ పెట్టారు.

"ప్రియమైన పౌరులారా! కాలువ అనేది కేవలం నీటిపారుదల సాధనమన్న సంకుచిత దృక్పథం నుంచి మనం విముక్తులం కావాలి. కాలువ ఒక అనుభవం. కాలువ ఒక కాన్వాసు."

వెనక వరసలోంచి ఒక రైతు లేచాడు. "అనుభవం సరేనండి, శివారు పొలాలకి నీళ్ళెప్పుడొదుల్తారండీ?"

"ఆ అంశం ఈ సమావేశ పరిధిలోకి రాదు," అన్నారు కమిషనర్ గారు, చాలా మర్యాదగా.

పథకం పేరు 'వెలుగుల విహారం'. దానికి పెద్ద నగరం నుంచి ఒక సౌందర్యీకరణ సలహాదారుని తీసుకొచ్చారు. జుట్టు పిలక కట్టుకుని, ఏ వస్తువునైనా ఒక కన్ను మూసి చూసే కుర్రాడు. ఆయన చేతిమీదుగా మూడు కళాఖండాలు వెలిశాయి. మొదటిది ఫైబరు హంస. నిలబెట్టిన మూడోరోజుకి మెడలో బల్బులు పోయాయి. అప్పట్నించీ రాత్రిళ్ళు తల ఒకచోట, ఒళ్ళు ఒకచోట వెలుగుతూ, చూస్తే జ్వరమొచ్చేలా ఉంటుంది. రెండోది నిలువెత్తు వరికంకి. దాన్ని రైతులు ధాన్యం ఆరబోసుకునే స్థలంలో పెట్టి, ధాన్యం అడ్డంగా ఉందని తీయించేశారు. మూడోది 'అనంతం'. అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన నూతి వరలు, లోపల నీలం లైటు.

"ఇవి నూతి వరలు కదండీ?" అన్నాను నేను.

సలహాదారు ఒక కన్ను మూసి నన్ను చూశాడు. "మీరు వరలు చూస్తున్నారు. నేను వాటి మధ్య ఉన్న శూన్యాన్ని చూస్తున్నాను."

శూన్యానికి బిల్లు ఎంతయిందో నేనడగలేదు. ఎందుకంటే అదే రోజు నన్ను పడవలో వ్యాఖ్యాతగా వేసుకున్నారు. నెల జీతం. ఆటో తిరుగుడు లేదు. మొదటిరోజు రిహార్సల్లో అలవాటు కొద్దీ, "రండి బాబూ రండి, చూసిన కళ్ళకి పుణ్యం, చూడనివాళ్ళకి నష్టం" అని ఎత్తుకున్నాను. కమిషనర్ గారు చెవులు మూసుకుని, "మిస్టర్ భూషణం, కళను వేలం వేయకండి. ఆస్వాదింపజేయండి," అన్నారు. సరే, ఆస్వాదింపజేయడం మొదలుపెట్టాను. గొంతు తగ్గించి, మాటకీ మాటకీ మధ్య ఆవలింత పట్టేంత ఖాళీ వదిలితే అదే ఆస్వాదన అని తర్వాత తెలిసింది.

పడవ వచ్చింది. రెండంతస్తుల ముద్దుల పడవ. దాని నెత్తిన పెళ్ళిపందిరంత బోర్డు. బోర్డు మీద 'వెలుగుల విహారం, కొంగలపాడు సౌభాగ్యం' అని రాసి, దానికింద కారకులైన పెద్దల పేర్లు, హోదాలతో సహా. తొలిప్రయాణం రోజున బ్యాండు మోగింది, కొబ్బరికాయ కొట్టారు, పడవ హుందాగా కదిలి, పాత వంతెన దాకా వెళ్ళి, ఠంగుమని ఆగిపోయింది. బోర్డు వంతెనకి కొట్టుకుంది.

నీళ్ళు తగ్గిస్తే పట్టేస్తుందన్నారు. పైన లాకుల దగ్గర తలుపులు దించి నీళ్ళు తగ్గించారు. బోర్డు వంతెనకిందికి దిగింది, పడవ బురదలోకి దిగింది. ఈసారి పడవని గట్టుకి లాగడానికి ట్రాక్టరు కావాల్సొచ్చింది. గట్టు మీదే నిపుణుల సమావేశం పెట్టారు. పకోడీలు అక్కడికే వచ్చాయి.

మనకెందుకులే అని ఊరుకోవచ్చు. నాకు నోరు ఊరుకోదు. "అయ్యా, ఆ బోర్డు ఒక్కటి తీసేస్తే పడవ హాయిగా వెళ్ళిపోద్ది కదండీ!" అన్నాను.

ఒక్కసారిగా అందరూ పకోడీ నమలడం ఆపేశారు. కమిషనర్ గారు నన్ను జాలిగా చూశారు. "ఆ బోర్డు ప్రోటోకాల్ ప్రకారం ఏర్పాటు చేసినది. ఏ పేరు ఏ ఎత్తులో ఉండాలో ఉత్తర్వులున్నాయి. వంతెనకి ప్రోటోకాల్ ఏదైనా ఉందా?"

వెతికారు. వంతెనకి ఏ ప్రోటోకాలూ దొరకలేదు. పాపం, అది నలుగురూ నడవడానికి కట్టింది తప్ప నలుగురి పేర్లు రాయడానికి కట్టింది కాదు. మర్నాడే గ్యాస్ కట్టర్లు తెచ్చి వంతెన కోసేశారు. వెర్రి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నాట్ట వెనకటికొకడు. మావాళ్ళు రోకలి కోసం తుమ్మచెట్టు కూడా కొట్టించారు.

ఆ సాయంత్రం వదిన గిన్నెలతో గట్టు దాకా వెళ్ళి, వంతెన ఉండాల్సిన చోట ఆకాశం చూసి, గిన్నెలు కింద పెట్టి తిన్నగా కమిషనర్ ఆఫీసుకి నడిచింది. నేనూ వెంట వెళ్ళాను.

"అయ్యా, నేను కొట్టుకి ఎలా వెళ్ళాలండి?"

"అమ్మా, మీలాంటి సామాన్యుల కోసమేగా పడవ! పడమటి రేవులో ఎక్కండి, తూర్పు రేవులో దిగండి."

"అడ్డంగా దాటించేస్తారన్న మాట. అంతేనాండి?"

కమిషనర్ గారు నవ్వారు. "అడ్డంగా కాదమ్మా. ఆమోదిత మార్గం నిలువు. పడమటి రేవు నుంచి బయల్దేరి, హంస, కంకి, అనంతం దర్శించుకుని, లాకుల దాకా వెళ్ళి, వెనక్కి తిరిగొచ్చి తూర్పు రేవులో ఆగుతుంది. నలభై అడుగులు దాటడమే మీ ధ్యేయమైతే దాన్ని రవాణా అంటారు. రవాణా మా శాఖ కాదు. మాది విహారం."

"నాటు పడవ కట్టుకోవచ్చాండీ పోనీ?"

"కాలువ ఇప్పుడు విహార మార్గం. అనధికార పడవలు దృశ్యానికి భంగం."

"లాకుల దగ్గర లారీ వంతెన మీంచి చుట్టుతిరిగి రావచ్చు కదమ్మా," అన్నాడు సలహాదారు. వదిన అదీ చూసింది, ఒకరోజు. ఆ గతుకుల్లో సగం సాంబారు ఆటోలో పోయింది, సగం వదిన చీర మీద పోయింది. ఆటోవాడు సీటు కడిగించుకోవడానికి డబ్బులడిగాడు.

ఇక పడవే గతి అయింది. అందులో ఎక్కబోతే రేవులో కాపలా ఉన్న హోంగార్డు పేరయ్య గిన్నె మీద చెయ్యి పెట్టి ఉలిక్కిపడ్డాడు. "తాయారమ్మా, వేడి ద్రవాలు ఎక్కనివ్వకూడదంట. విహారుల భద్రత అంట. చల్లారనిచ్చి ఎక్కు తల్లీ."

"చల్లారితే అది సాంబారెలా అవుద్దిరా, కుడితి అవుద్ది," అంది వదిన. అయినా ఏం చేస్తుంది? రేవులో కూర్చుని, తన చేత్తో కాచిన సాంబారుని తనే విసనకర్రతో విసిరి చల్లార్చింది. ఆ దృశ్యం చూసిన నాకు ఒళ్ళు మండింది. మండిన ఒళ్ళు మీద నారింజ జాకెట్టు తొడుక్కుని, మైకు పట్టుకుని, "ఇదిగో... మీ ఎడమవైపున... అనంతం..." అన్నాను. జీతం అలాంటిది మరి.

ఇక మా పడవలో విహారులంటారా, చూసి తీరాలి. పాలక్యాన్లవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు, ట్యూషన్ పిల్లలు, మందుల చీటీ పట్టుకున్న ముసలాయన, పెళ్ళికి అద్దె బెంచీలు తీసుకెళ్ళేవాడు, మేకపిల్లని చంకనెత్తుకున్నావిడ. అందరికీ అవతలి గట్టు కనబడుతూనే ఉంటుంది. ఆ గట్టు మీద తమకోసం చూస్తున్నవాళ్ళు కనబడుతూనే ఉంటారు. పడవ మాత్రం వాళ్ళని దాటుకుని హంస దగ్గరికి పోతుంది. బెంచీలతను విసుగెత్తి హంసకి వీపు తిప్పి కూర్చుంటే, పడవలో కూడా కాపలా కాసే పేరయ్య ఈల వేశాడు. 'కళకు వీపు చూపరాదు' అని నిబంధన. మూడుచోట్ల చప్పట్లు తప్పనిసరి. ముసలాయన ఒక చేత్తో మందుల చీటీ పట్టుకుని రెండో చేత్తో తొడ మీద కొట్టుకునేవాడు. అదీ చప్పట్ల కిందే లెక్కేశారు.

మీటింగులో మాత్రం పండగ. విహారానికి జనం తండోపతండాలుగా వస్తున్నారట. "ఒక్కో పర్యాటకుడు నెలపొడుగునా రోజూ వస్తున్నాడంటే మన కళాఖండాల ఆకర్షణ ఎంతటిదో ఊహించండి!" అన్నారు కమిషనర్ గారు, గద్గదస్వరంతో. పగటిపూట కూడా విహారం కావాలని ప్రజలు రేవులో కూర్చుని కేకలు వేస్తున్నారని తెలిసి ఆయన చలించిపోయారు. పగలు లైట్లు కనబడవు కదా అన్న సందేహం వచ్చింది. సలహాదారు ఒక కన్ను మూసి ఆలోచించి పరిష్కారం చెప్పాడు. పగటి విహారులకి నల్లకళ్ళద్దాలు ఇవ్వాలి. పెట్టుకుంటే అంతా సాయంత్రంలా ఉంటుంది. ఇచ్చారు. పొద్దున్నే బడికెళ్ళే పిల్లలు, పాలవాళ్ళు, మేకపిల్లావిడ, అందరూ నల్లకళ్ళద్దాలతో వరసగా కూర్చుంటే పడవ నిండా కళ్ళాపరేషన్ అయినవాళ్ళని తీసుకెళ్తున్నట్టుండేది.

వదిన కొట్టు మాత్రం నీరసించింది. చల్లటి సాంబారు పోయించుకున్నవాళ్ళు మొదట జాలిపడ్డారు, తర్వాత గొణిగారు, తర్వాత రావడం మానేశారు. "ఏవమ్మా తాయారమ్మా, ఇంటికెళ్ళి మళ్ళీ కాచుకునేదానికి నీ దగ్గర కొనడమెందుకు?" అని ఒకాయన మొహమ్మీదే అన్నాడట. ఓనరు కబురుపెట్టాడు. ఫోన్ల కవర్లు అమ్మేవాడెవరో గది అడుగుతున్నాడు, దసరా దాకా చూస్తాను, ఈలోగా వ్యాపారం నిలబడితే సరే, లేకపోతే ఖాళీ చెయ్యండి అని.

ఆ రాత్రి వదిన నాకు అన్నం పెడుతూ సాంబారు గరిటె గిన్నెలో వదిలేసి కూర్చుండిపోయింది. "భూషణం, పన్నెండేళ్ళయ్యా. ఆ కొట్టు నా చేతిమీద నిలబడిందనుకున్నాను. ఇన్నాళ్ళూ వంతెన మీద నిలబడిందన్న మాట," అంది. ఎప్పుడూ నన్ను ఆటపట్టించి నవ్వే మనిషి ఏడవడం నేను మొదటిసారి చూశాను.

దేవుడు ఒక్కోసారి కమిటీ రూపంలో వస్తాడు. 'ఉత్తమ వెలుగుల పట్టణం' అని ఏదో అవార్డు ఉందట. దానికి మా ఊరు పోటీ పడాలంటే ప్రజలు స్వయంగా సూచించిన కళాఖండం ఒక్కటైనా ఉండాలట. అది లేదు. అవార్డు చేజారిపోతుందన్న బెంగతో కమిషనర్ గారు మళ్ళీ సభ పెట్టారు. వేదిక మీద పూలు, కింద మేం.

"పౌరులారా! మీ అంతరంగంలోని కళను వెలికితీయండి. మీకేం కావాలో నిర్భయంగా చెప్పండి."

శివారు రైతు లేవబోయాడు. "నీళ్ళు తప్ప," అన్నారు కమిషనర్ గారు.

అప్పుడు వదిన లేచింది. కొంగు నడుముకి దోపుకుని, "నాకు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఓ ఇనప బల్ల కావాలండి. పొడుగ్గా. దానికి లైట్లు పెట్టుకుంటారో, పూలదండలేసుకుంటారో మీ ఇష్టం," అంది.

వంతెన అన్న మాట ఆవిడ నోట రాలేదు సరికదా, మొహంలో కూడా ఎక్కడా కనబడలేదు. సలహాదారు రెండు కళ్ళూ తెరిచాడు. నేను ఆయన రెండో కన్ను చూడటం అదే మొదలు.

"ఎంత నిరాడంబరత! ఒకే ఒక్క గీత! రెండు గట్ల మధ్య, ఇక్కడికీ అక్కడికీ మధ్య, నాకూ నీకూ మధ్య! దీన్ని ఏ ఊళ్ళోనూ చెయ్యలేదు సార్!"

"పేరు?" అన్నారు కమిషనర్ గారు, ఊపిరి బిగబట్టి.

"అనుబంధం," అన్నాడు సలహాదారు. అక్కడికక్కడే ఆమోదించారు. వంతెన కొయ్యడానికి పట్టినంత చర్చ కూడా పట్టలేదు.

నెల తిరక్కుండా పాత వంతెన దిమ్మల మీదే, పాత వంతెన ఎత్తులోనే, కొత్త ఇనప కళాఖండం లేచింది. అటూ ఇటూ కమ్మీలు, వాటినిండా రంగురంగుల బల్బులు. ఇంకో వింత చెబుతాను వినండి. పెద్దల పేర్ల బోర్డు పడవ మీదకంటే ఈ కళాఖండం మీద బాగా కనబడుతుందని తీర్మానించి, పడవ నెత్తిన ఉన్న బోర్డు ఊడదీసి తెచ్చి దీనికి బిగించారు. దాంతో పడవ దాని కిందనుంచి సుఖంగా వెళ్ళిపోయింది. "అయ్యా, ఈ లెక్కన పాత వంతెన కిందనుంచి కూడా..." అని నేను మొదలుపెట్టాను. "గతంలో బతక్కండి భూషణం," అన్నారు కమిషనర్ గారు.

ఆవిష్కరణ అవగానే వదిన గిన్నె ఎత్తుకుని గబగబా అటు నడిచింది. మొదట్లోనే పేరయ్య నిలబడి ఉన్నాడు. పక్కన కొత్త పలక. 'ఇది కళాఖండము. దీనిపై నడవరాదు. అతిక్రమించినవారిపై కేసు నమోదు చేయబడును.'

"నా మీద ఒట్టు తాయారమ్మా, నన్నేం చెయ్యమంటావు? ఉద్యోగం," అన్నాడు పేరయ్య తలొంచుకుని. వాడూ ఆ సాంబారు తిని పెరిగినవాడే.

వదిన పలక చదివింది, వంతెన చూసింది, అవతలి గట్టు చూసింది. ఇంటికి వచ్చేసింది. దసరా వారంలోకొచ్చింది. వంతెన ఉన్నా లేనట్టే అయింది. లేనప్పుడే నయం, కనీసం ఆశ పుట్టేది కాదు.

అవార్డు కమిటీ రానే వచ్చింది. దాని చైర్మన్ ఒక పెద్దాయన. రిటైరయ్యాక కూడా కారు దిగకుండా ఊళ్ళు తిరుగుతున్నవాడు. ఎన్ని ఊళ్ళలో ఎన్ని హంసలు చూశాడో పాపం, మా హంస దగ్గర ఒక కునుకు తీశాడు. వరికంకి దగ్గర ఇంకో కునుకు. అనంతం దగ్గర కాస్త గురక కూడా వినిపించింది. కమిషనర్ గారికి చెమటలు పట్టాయి. "భూషణం, గొంతు పెంచండి," అన్నారు. వేలం వెయ్యొద్దన్న మనిషే.

పడవ 'అనుబంధం' దగ్గరికి వస్తోంది. బల్బులన్నీ వెలుగుతున్నాయి. పడమటి గట్టు వైపు చూశాను. వదిన వస్తోంది. చంకలో గుడ్డ చుట్టిన పెద్ద సాంబారు గిన్నె, మూత పక్కకి జరిగి ఉంది, పొగలు కక్కుతోంది. పేరయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. వదిన వాడి చెయ్యి పక్కకి నెట్టలేదు, వాడివైపు ఒక్కసారి చూసింది. వాడు ఈల నోట్లో పెట్టుకుని, ఊదాడు, కానీ పక్కకి తప్పుకున్నాడు. వదిన కళాఖండం మీద నడవడం మొదలుపెట్టింది.

ఈలకి చైర్మన్ గారు ఉలిక్కిపడి లేచారు. "ఎవరావిడ? ఏం జరుగుతోందక్కడ?"

కమిషనర్ గారి నోరు తెరుచుకుంది గానీ మాట రాలేదు. పడవలో పోలీసు ఇన్‌స్పెక్టరు కూడా ఉన్నాడు, టోపీ సర్దుకున్నాడు. నా చేతిలో మైకు ఉంది. ఇంకో క్షణం ఊరుకుంటే వదిన కేసులో ఉంటుంది, గిన్నె స్టేషన్లో ఉంటుంది, కొట్లో ఫోన్ కవర్లుంటాయి. నోరు ఊరుకోలేదు, దానికి ఆ అలవాటు లేదు.

"పెద్దలకు మనవి! ఇంతవరకు మీరు చూసినవన్నీ... నిలబడ్డ కళలు. ఇప్పుడు చూడబోయేది... 'అనుబంధం' కళాఖండంలో... కదిలే భాగం! చంకలో గిన్నె... అది మన గతం. పైకి లేస్తున్న ఆవిరి... అది మన భవిష్యత్తు. ఆ గట్టు ఆకలి... ఈ గట్టు వంట... మధ్యన నడక!"

సలహాదారు "ఆహా" అన్నాడు, అలవాటుకొద్దీ. చైర్మన్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అప్పుడే గాలి ఇటు తిరిగింది. ఇంగువ, కరివేపాకు, ములక్కాడ, కొత్తిమీర, అన్నీ కలిసి పడవ మీదకి దిగాయి. చైర్మన్ గారు కళ్ళు మూసుకున్నారు, ఈసారి నిద్రకి కాదు.

"వాసన కూడానా! ఎన్నో ఊళ్ళు చూశానయ్యా. కళ్ళకి మాత్రమే కళ పెడుతున్నారు, ముక్కుని పట్టించుకున్న మునిసిపాలిటీ ఇదొక్కటే. ఇది ఎవరి ఆలోచన?"

"మా కార్యాలయం స్వయంగా, చాలాకాలంగా..." అన్నారు కమిషనర్ గారు. ఆయనకి మాట తిరిగొచ్చింది. ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

ఇదంతా పడమటి గట్టున జనం వింటూనే ఉన్నారు, నా మైకు అలాంటిది. ముందు పాలవాడు ఎక్కాడు. వెనక బెంచీలవాడు, ట్యూషన్ పిల్లలు, మందుల ముసలాయన, మేకపిల్లావిడ. కదిలే భాగాలు ఒకదాని వెనక ఒకటి బారులు తీరాయి. చైర్మన్ గారు చప్పట్లు కొట్టారు. మా విహారం చరిత్రలో ఎవరూ బలవంతం చెయ్యకుండా మోగిన చప్పట్లు అవే.

అవార్డు వచ్చింది. వారానికి ఉత్తర్వులూ వచ్చాయి. 'కళాఖండముపై నడవరాదు. అయితే కళాఖండపు కదిలే భాగములుగా నమోదైన వ్యక్తులు, పశువులు, సైకిళ్ళు ఏ వేళనైనను నడవవచ్చును.' పడమటి గట్టు మొత్తం వెళ్ళి నమోదు చేయించుకుంది. ఇప్పుడు మా వైపు మామూలు మనుషులెవరూ లేరండి, అందరం కళాకారులమే. మేకపిల్ల మెడలో కూడా కార్డుంది. కానీ ఏమాటకామాటే చెప్పుకోవాలి, నలభై అడుగులు దాటడానికి మళ్ళీ నలభై అడుగులే నడుస్తున్నాం. ఓనరు ఫోన్ కవర్లవాణ్ణి వేరే గది చూసుకోమన్నాడు. పడవ ఖాళీగా తిరుగుతోంది. పర్యాటకుల సంఖ్య ఎందుకు పడిపోయిందో తేల్చడానికి ఒక కమిటీ వేశారు.

నిన్న సాయంత్రం పక్క మునిసిపాలిటీవాళ్ళు మా కళని నేర్చుకోవడానికి వచ్చారు. కమిషనర్ గారు వాళ్ళని కళాఖండం పక్కన నిలబెట్టి వివరిస్తున్నారు. నేను మైకుతో తయారు. వదిన గిన్నె చంకనెత్తుకుని వంతెన మధ్యకి వచ్చింది. పొగలు ఆ రంగు లైట్లలో ఎర్రగా, పచ్చగా లేస్తున్నాయి.

"ఆ పొగ ఎఫెక్టు ఎలా సాధించారండీ?" అని అడిగాడు వచ్చినవాళ్ళలో ఒకాయన.

"ప్రస్తుతానికి తాత్కాలిక ఏర్పాటు," అన్నారు కమిషనర్ గారు గంభీరంగా. "త్వరలో పొగ యంత్రాలకి టెండర్లు పిలుస్తున్నాం."

అవతలి గట్టున గిన్నెలు, టిఫిన్ క్యారియర్లు పట్టుకుని జనం ఎదురుచూస్తున్నారు. మా మేళం చూసి కాస్త జంకి, బట్టల కొట్టు అరుగు దగ్గరే ఆగిపోయారు. వదిన అటు చూసింది, ఇటు మా పెద్దమనుషుల్ని చూసింది, గిన్నె ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని నాకేసి కేకేసింది.

"ఏవయ్యా భూషణం, ఆ మైకులో చెప్పు, కళ చల్లారిపోతోంది, గిన్నెలట్టుకుని బేగి రమ్మను!"